నగరానికి వెలుపల నగరద్వారం: లాస్ వేగస్ స్వాగతఫలకం

లాస్ వేగస్ బూలవార్డ్ దక్షిణభాగంలో, రెండు వైపులా వాహనాలు సాగే రోడ్డు మధ్య డివైడర్ మీద, రెండు నీలి స్తంభాల నడుమ ఒక దీపఫలకం నిలిచి ఉంటుంది. దాని ఎత్తు 25 అడుగులు. పైన ఎనిమిది కొనల ఎర్రని నక్షత్రం. దాని కింద ఏడు తెల్లని వృత్తాలలో ఒక్కొక్క అక్షరం చొప్పున ‘వెల్‌కమ్’ అన్న ఏడక్షరాల ఆంగ్లపదం. ఆ కింద చేతిరాతను తలపించే నీలి లిపిలో ‘టు ఫాబ్యులస్’, దాని తరువాత పెద్ద ఎర్రని అక్షరాలతో ‘లాస్ వేగస్’, అట్టడుగున చిన్న నీలి అక్షరాలతో ‘నెవాడా’. ఫలకం అంచు చుట్టూ పసుపు దీపాలు ఒకదాని వెంట ఒకటి పరుగెత్తుతున్నట్టు వెలిగి ఆరుతుంటాయి. వెనుకవైపు మాత్రం వేరే మాటలున్నాయి: జాగ్రత్తగా నడపండి, త్వరలో మళ్ళీ రండి.

అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలలో ఈ ఫలకం ముందు తీయించుకున్న ఫోటో లేని ఇల్లు అరుదు. గ్రాండ్ కాన్యన్ చూడబోతూనో, లాస్ ఏంజెలస్‌నుండి తిరిగివస్తూనో, ఇండియానుండి వచ్చిన తల్లిదండ్రులకు అమెరికా చూపిస్తూనో ఇక్కడ ఒకసారి ఆగుతారు. జూదం ఆడనివారు, మద్యం ముట్టనివారు, ఆ ఊరి ‘ప్రదర్శనలు’ చూడటానికి మొహమాటపడేవారు కూడా ఈ బోర్డు ముందు వరుసలో నిలబడటానికి మొహమాటపడరు. ఊరితో ఏ సంబంధమూ పెట్టుకోదలచనివారు సైతం ఊరి పేరు ముందు నిలబడాలనుకోవడం ఆలోచించదగిన విషయం. చౌకబారు ఆకర్షణ అనో, గతం మీది మమకారం అనో దీన్ని తేల్చివేయడం తరచుగా కనిపిస్తుంది. ఆ రెండు మాటలూ ఈ ఫలకాన్ని సరిగా చదవకుండా చెప్పినవే. దీన్ని చదవాలంటే ముందు అది ఎక్కడ నిలబడి ఉందో చూడాలి.

అది లాస్ వేగస్ నగరంలో లేదు. నగరపు సరిహద్దుకు దాదాపు నాలుగు మైళ్ళ దక్షిణాన, పారడైజ్ అనే పేరుగల ప్రాంతంలో ఉంది. పారడైజ్‌కు నగరపాలక సంస్థ లేదు. అది క్లార్క్ కౌంటీ పాలనలోని జనావాసం. అలా ఉండటం యాదృచ్ఛికం కాదు. 1950లో లాస్ వేగస్ నగరం తన పన్నుల పరిధిని దక్షిణంగా విస్తరించి, కొత్తగా వెలసిన జూదశాలలను కలుపుకోవాలని చూసింది. ఫ్లెమింగో హోటల్‌ను నడిపిన గస్ గ్రీన్‌బామ్ ముందుండగా హోటళ్ళ యజమానులు కౌంటీని ఆశ్రయించి, ఆ సంవత్సరం డిసెంబరులో తమ నేలను విడి జనావాసంగా ప్రకటింపజేసుకున్నారు. ‘స్ట్రిప్’ అని ప్రపంచమంతా పిలిచే వీధి అధికభాగం అందుచేత నేటికీ నగరానికి వెలుపలే ఉంది. నగరపు పన్ను వద్దనుకున్నవారు నగరపు పేరు మాత్రం కావాలనుకున్నారు. ఆ పేరును వెలుగులో రాసి నిలిపిన ఫలకం ఇది.

1959లో టెడ్ రోగిచ్ అనే సేల్స్‌మన్ ఊరికి ఒక స్వాగతఫలకం ఉంటే బాగుంటుందని భావించాడు. వెస్టర్న్ నియాన్ అనే సంస్థలో పనిచేస్తున్న బెట్టీ విల్లిస్ దాన్ని రూపొందించింది. కౌంటీ దాన్ని 4,000 డాలర్లకు కొన్నది. లాస్ ఏంజెలస్‌నుండి 91వ నంబరు రహదారి మీద ఎడారి దాటి వచ్చే కార్లకు ఎదురుగా దాన్ని నిలిపారు. అప్పటికి దాని చుట్టూ ఉన్నది దాదాపు బయలే.

విల్లిస్ 1923లో పుట్టింది. ఆమె తండ్రి క్లార్క్ కౌంటీకి మొదటి ఆస్తిపన్ను మదింపు అధికారి. లాస్ ఏంజెలస్‌లో చిత్రకళ నేర్చుకుని, సినిమాహాళ్ళ ప్రకటనలు గీసి, తిరిగివచ్చి కొంతకాలం న్యాయస్థానంలో కార్యదర్శిగా పనిచేసి, ఆపైన నియాన్ ఫలకాల రూపకల్పనకు వచ్చింది. పురుషులే రాజ్యమేలుతున్న రంగం అది. ఫలకంలోని ఏడు వృత్తాలు వెండి డాలర్లు. వెండి గనుల మీద బతికిన రాష్ట్రానికి అవి గుర్తు, జూదమాడబోయేవాడికి శుభశకునం. ఆమె తన రూపకల్పన మీద కాపీరైట్ తీసుకోలేదు. ఊరికి అది తన కానుక అని ఆమె తరువాతి కాలంలో చెప్పింది. తీసుకుని ఉంటే నాలుగు డబ్బులు వచ్చేవి కదా అన్న నిట్టూర్పు కూడా ఆ మాట వెనుక లేకపోలేదు. 2015లో, 91 ఏళ్ళ వయసులో ఆమె మరణించేనాటికి ఆ బొమ్మ అచ్చుపడని చొక్కా, కప్పు, తాళంచెవి గొలుసు ఆ ఊళ్ళో వెతికినా దొరకని స్థితి.

కాపీరైట్ లేకపోవడం ఇక్కడ చిల్లర వివరం కాదు. హాలీవుడ్ ఫలకంతో పోల్చి చూస్తే అది అర్థమవుతుంది. 1923లో కొండవాలు మీద ఇళ్ళస్థలాలు అమ్ముకోవడానికి ఒక సంస్థ ‘హాలీవుడ్‌ల్యాండ్’ అన్న పేరును పెద్ద అక్షరాలతో నిలిపింది. అప్పుడు దానికి దాదాపు 4,000 బల్బులుండేవి. పేరు మూడు ముక్కలుగా విడివడి వెలిగి ఆరేది. 1932లో పెగ్ ఎంట్‌విజిల్ అనే యువనటి మొదటి అక్షరం మీదినుండి దూకి చనిపోయింది. 1949లో చివరి నాలుగు అక్షరాలనూ తొలగించడంతో ఇళ్ళస్థలాల ప్రకటన కాస్తా ఊరిపేరైంది. 1978లో పాతవాటి స్థానంలో కొత్త అక్షరాలు నిలిపారు. ఇవాళ దాని చుట్టూ కంచె ఉంది, నిఘా ఉంది; అక్షరాల దగ్గరకు ఎవరినీ పోనివ్వరు. దాని రూపాన్ని వ్యాపారానికి వాడుకోవాలంటే అక్కడి వాణిజ్యమండలి అనుమతి కావాలి. దూరంనుండి చూడవలసిందే తప్ప ముట్టుకోరాని అక్షరాలవి. లాస్ వేగస్ ఫలకం అందుకు నేరుగా విరుద్ధం. దాని బొమ్మ ఎవరిదీ కాదు కనుక అందరిదీ అయింది. దాని కింద నిలబడటానికి టికెట్టు లేదు.

ఫలకం మీది మాటలను కూడా కాస్త ఆగి చదవవలసి ఉంది. మన ప్రబంధకవులకు నగరవర్ణన అష్టాదశ వర్ణనలలో మొదటిది. కథ మొదలుకావాలంటే ఊరు ముందు నిలబడాలి. ప్రవరుడు కనబడేముందు అరుణాస్పదపురం కనబడాలి. ఆ ఊరి మేడలు చంద్రుణ్ణి తాకుతాయి, తోటలు నందనాన్ని వెక్కిరిస్తాయి. అది అబద్ధమని కవికీ తెలుసు, శ్రోతకూ తెలుసు. ‘ఫాబ్యులస్’ అన్నది ఒక్కమాటలో పురవర్ణన. లాటిన్‌లో ‘ఫాబ్యులా’ అంటే కథ; కథల్లో చెప్పుకునేంతటిదని ఆ విశేషణానికి మొదటి అర్థం. వాడుకలో అది అరిగిపోయి ‘బ్రహ్మాండం’ అన్నంత తేలికమాట అయింది గాని, ఈ ఫలకం మీద మాత్రం పాత అర్థం ఇంకా పనిచేస్తూనే ఉంది. ఇది కల్పిత నగరం, కల్పన అని తెలిసే లోపలికి రండి అన్నది ఆ స్వాగతంలోని నిజాయితీ. ముందువైపు అతిశయోక్తి, వెనుకవైపు స్వభావోక్తి. వెళ్ళిపోయేవారితో జాగ్రత్తగా నడపండి, మళ్ళీ రండి అనడం, తెలుగువారు గుమ్మం దిగుతూ ‘వెళ్తాను’ అనకుండా ‘వెళ్ళొస్తాను’ అనడం లాంటిదే. డబ్బు పోగొట్టుకుని వెళ్ళేవాడికి ఆ మాట ఎలా వినిపిస్తుందన్నది వేరే సంగతి.

వెలుగు గురించి ఒక మాట. నియాన్ వాయువును 1898లో లండన్‌లో రామ్సే, ట్రావెర్స్ కనుగొన్నారు. దాన్ని గాజునాళంలో నింపి విద్యుత్తు పంపి దీపంగా ప్రదర్శించినవాడు 1910లో పారిస్‌లో జార్జ్ క్లోద్. నియాన్ ఇచ్చేది ఎరుపు కలిసిన నారింజ వెలుగు ఒక్కటే. నీలం కావాలంటే ఆర్గాన్‌లో కాస్త పాదరసం చేర్చాలి. ‘నియాన్ దీపాలు’ అని మనం పిలిచే రంగుల్లో చాలావాటిలో నియాన్ ఉండదు. పేరు మాత్రం దానిదే. లాస్ వేగస్ కాని చోట నిలబడిన లాస్ వేగస్ ఫలకానికి ఇది అతికినట్టుంది.

స్ట్రిప్ మీది ఫలకాలను గంభీరమైన విమర్శకు విషయంగా చేసినవారు ఇద్దరు వాస్తుశిల్పులు, వారి సహచరుడు. రాబర్ట్ వెంచూరీ, డెనీస్ స్కాట్ బ్రౌన్ 1968లో యేల్ విశ్వవిద్యాలయం విద్యార్థులను వెంటబెట్టుకుని లాస్ వేగస్‌ను అధ్యయనం చేశారు. స్టీవెన్ ఐజెనోర్‌తో కలిసి 1972లో ‘లెర్నింగ్ ఫ్రమ్ లాస్ వేగస్’ వెలువరించారు. భవనం తానే బొమ్మగా మారితే ‘బాతు’. మామూలు కొట్టానికి ముందు బోర్డు పెడితే ‘అలంకరించిన కొట్టం’. వారి ఈ విభజన వాస్తుశాస్త్రంలో స్థిరపడిపోయింది. ఎడారిరోడ్డు మీద వేగంగా పోయే కారుకు భవనం కనబడదు, బోర్డే కనబడుతుంది. కనుక ఇక్కడ బోర్డే వాస్తువు అన్నది వారి వాదసారం. అంతకు కొన్నేళ్ళ ముందే టామ్ వుల్ఫ్ ఎస్క్వైర్ పత్రికలో, ఈ ఊరికి ఆకాశరేఖ చెట్లూ భవనాలూ కావనీ బోర్డులేననీ గమనించి రాశాడు.

ఆ పుస్తకం సామాన్యుడి కంటికి నచ్చినదాన్ని పండితుడు తీసిపారేయకూడదని నేర్పింది. దాని ఋణం పెద్దదే. అయినా దానికి ఒక లోపం ఉంది. అందులోని పాఠకుడు ఎప్పుడూ కారులోనే ఉంటాడు. బోర్డు కింద నిలబడిన మనిషి ఆ పుస్తకానికి ఆనడు. స్వాగతఫలకం కథ అక్కడే దారి మారుతుంది. 15వ నంబరు అంతర్‌రాష్ట్ర రహదారి వచ్చిన తరువాత లాస్ ఏంజెలస్ వాహనాలు ఈ పాత దారిని వదిలేశాయి. విమానంలో వచ్చేవారు పక్కనే ఉన్న విమానాశ్రయంలో దిగి నేరుగా హోటళ్ళకు పోతారు. ఈ ఫలకం ఇవాళ వచ్చేవారికి దారిలో తగలదు. పని పెట్టుకుని దాని దగ్గరకే పోవాలి. స్వాగతం చెప్పవలసిన పని తప్పిపోయిన తరువాతే అది అందరికీ ఇష్టమైనదిగా మారింది.

వచ్చేవారు మొదట్లో కార్లు ఎక్కడో ఆపి, పరుగెత్తే వాహనాల మధ్యగా డివైడర్‌కు చేరేవారు. 2008లో కౌంటీ అక్కడ పన్నెండు కార్లు పట్టే చిన్న పార్కింగ్ స్థలం కట్టింది. అది చాలక తరువాత పెంచవలసి వచ్చింది. 2009 మేలో ఫలకం జాతీయ చారిత్రక స్థలాల పట్టికలోకి ఎక్కింది. 2014నుండి దాని దీపాలకు సౌరవిద్యుత్తు అందుతోంది. ఎడారి ఎండతో ఎడారి రాత్రిని వెలిగించడం బాగానే ఉంది గాని, ఆ సౌరఫలకాలను లోహపు చెట్లలా నిలపడంలో వెంచూరీ చెప్పిన ‘బాతు’ తొంగిచూస్తుంది.

వాహనవేగానికి రాసిన అక్షరాలు కాలినడక మనిషికి ఎందుకు సరిపోయాయి? దాని పొట్టితనమే ఇందుకు కారణమని చెప్పాలి. అదే వీధిలో స్టార్‌డస్ట్ హోటల్ 1960ల చివర నిలిపిన బోర్డు ఎత్తు 188 అడుగులు. దాని కింద నిలబడిన మనిషి ఫోటోలో చీమ. విల్లిస్ ఫలకం మనిషితో సహా ఒక చట్రంలో ఇముడుతుంది. మనిషి ముఖమూ గుర్తుపట్టగలం, ఊరి పేరూ చదవగలం. పెద్దవాటితో పోటీపడే డబ్బు కౌంటీ పెట్టలేదు. ఆ పొదుపు ఈ ఫలకాన్ని బతికించింది. స్టార్‌డస్ట్‌ను 2007లో కూల్చివేశారు; దాని బోర్డు అక్షరాలు ఇప్పుడు నియాన్ మ్యూజియం పెరట్లో నేల మీద ఉన్నాయి.

తొలినుండీ ఫోటో కోసమే నిలిపే అక్షరాలు ఇవాళ ప్రతి ఊళ్ళోనూ కనిపిస్తున్నాయి. హైదరాబాదు హుసేన్‌సాగర్ ఒడ్డున ‘లవ్ హైదరాబాద్’ ఉంది; రామోజీ ఫిల్మ్ సిటీ కొండ మీద హాలీవుడ్ తరహా అక్షరాలున్నాయి. అవి అడగకముందే పోజు ఇస్తాయి. 1959 ఫలకం అలాంటిది కాదు. దానికి వేరే పని ఉండేది. జనం దాన్ని మార్చుకున్నారు.

ఇంతవరకు చెప్పినది ఈ ఫలకానికి అనుకూలమైన పాఠం. ‘వెల్‌కమ్’ అన్న మాటను 1959లో ఎవరు ఎవరితో అన్నారన్నది అడగకపోతే విమర్శ సగంలో ఆగినట్టే. ఆ ఏడాదికి స్ట్రిప్ హోటళ్ళు నల్లజాతి అతిథులను రానిచ్చేవి కావు. ఆ వేదికల మీద పాడి ప్రేక్షకులను ఉర్రూతలూగించిన నల్లజాతి కళాకారులు ఆట ముగిశాక ఆ హోటల్లో గది దొరకక, రైలుపట్టాలకు అవతల వెస్ట్‌సైడ్‌లోని అద్దెగదులకు పోయేవారు. నెవాడాను ‘పడమటి మిసిసిపీ’ అనేవారు. 1955 మేలో వెస్ట్‌సైడ్ అంచున మూలాన్ రూజ్ అనే హోటల్ తెరిచారు. నలుపు తెలుపు తేడా లేకుండా అందరినీ రానిచ్చిన మొదటి జూదశాల అది. రాత్రి స్ట్రిప్ మీద ఆటలు ముగిశాక కళాకారులు అక్కడ చేరేవారు. ఆరు నెలలు తిరక్కుండానే అది మూతపడింది.

మూలాన్ రూజ్ బోర్డును గీసింది కూడా బెట్టీ విల్లిసే. స్వాగతఫలకానికి నాలుగేళ్ళ ముందు ఆమె చేతినుండి వచ్చిన ఆ అక్షరాలు వంపులు తిరిగిన గొలుసుకట్టు రాత. ‘ఫాబ్యులస్’ అన్న మాటలో ఆ వంపులు మళ్ళీ కనిపిస్తాయి. అందరికీ తలుపు తీసిన హోటల్‌కూ, అందరికీ తలుపు తీయని వీధికీ ఒకే చేయి పేరు రాసింది. ఇందులో ఆమె తప్పు పట్టడానికి ఏమీ లేదు; అడిగినవారికి బోర్డు గీసి ఇవ్వడం ఆమె వృత్తి. కాని రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసినప్పుడు, ‘వెల్‌కమ్’ అని నోటితో అనకుండా అందరినీ లోపలికి పిలిచింది మూలాన్ రూజ్ అక్షరాలేనని ఒప్పుకోక తప్పదు.

స్వాగతం నిజమవడం మొదలైంది మరుసటి ఏడాది. 1960 మార్చిలో డాక్టర్ జేమ్స్ మక్‌మిలన్ అనే దంతవైద్యుడు, ఆ ఊరి నల్లజాతి పౌరహక్కుల సంఘానికి నాయకుడు, హోటళ్ళు రంగుభేదం మానకపోతే స్ట్రిప్ మీద ఊరేగింపు జరుపుతామని హెచ్చరించాడు. ఊరేగింపు అంటే ఖాళీ హోటళ్ళు, దేశమంతటా పత్రికల్లో చెడ్డపేరు. మార్చి 26న, మూతపడిన మూలాన్ రూజ్ హోటల్లో కూర్చుని, స్ట్రిప్ తలుపులు అందరికీ తీసే ఒప్పందానికి పెద్దలు వచ్చారు. ఫలకం నిలిచిన ఏడాదికి దాని మొదటి పదం అర్థాన్ని సంపాదించుకోవడం మొదలుపెట్టింది. సంపాదించిపెట్టినవాడు పళ్ళ డాక్టరు. జాతీయ పట్టికలో ఫలకానికి చోటిచ్చినవారు దాని ఆకారాన్ని, అణుయుగపు నక్షత్రాన్ని మెచ్చుకున్నంతగా ఈ చరిత్రను ఫలకం చెంత చెప్పి ఉంటే బాగుండేది.

ఆ ముందు నిలబడి ఫోటో తీయించుకునే భారతీయులకు కూడా ఈ ప్రశ్న దూరం కాదు. 1959లో భారతదేశంనుండి అమెరికాకు వలసరాగలిగినవారి కోటా ఏడాదికి 100 మంది. 1946 చట్టం ఇచ్చిన ఆ వందే, 1965 వలసచట్టం వచ్చేదాకా కొనసాగింది. వైద్యులు, ఇంజనీర్లు గుంటూరునుండీ వరంగల్‌నుండీ బయలుదేరడం ఆ తరువాతి మాట. ఈ ఫలకం మీది స్వాగతం మొదటి రోజున వారికి కాదు. స్ట్రిప్ తలుపులు తెరిపించిన పౌరహక్కుల పోరాటపు ఊపులోనే 1965 చట్టమూ వచ్చిందన్నది, ఆ ఫోటోలను చూసుకునేటప్పుడు గుర్తుంచుకోవలసిన విషయం.

స్ట్రిప్ మీద నిజంగా ఎవరిదీ కాని నేల ఎంత తక్కువో కూడా ఇక్కడ చెప్పుకోవాలి. ఆ వీధిలో ఒక హోటల్ చివర మరో హోటల్ మొదలవుతుంది. మధ్యలో ఉన్నవి వాళ్ళు కట్టిన ఫౌంటెన్‌లు, వాళ్ళు కట్టిన వంతెనలు. కూర్చోవాలంటే ఏదో ఒకటి కొనాలి. 1999లో వెనీషియన్ హోటల్ ఎదుట కార్మికులు నిరసన తెలిపినప్పుడు, ఆ కాలిబాట తమ సొంత నేల అనీ అక్కడ నిరసనకు చోటులేదనీ హోటల్ వాదించింది. ఆ వివాదం ఫెడరల్ అప్పీళ్ళ న్యాయస్థానం దాకా పోయింది. జనం నడిచే కాలిబాట ఎవరి స్థలంలో ఉన్నా ప్రజావేదికేనని 2001లో తీర్పు వచ్చింది. కాలిబాట మీద నిలబడే హక్కు కోసం న్యాయస్థానానికి పోవలసివచ్చిన వీధి అది. అలాంటి వీధికి దక్షిణపు కొసన, కౌంటీ రోడ్డు మధ్య, కృత్రిమపు పచ్చిక పరిచిన ఆ డివైడర్ ఒక్కటే ఏమీ కొనకుండా ఎంతసేపైనా నిలబడగల చోటు. అది చతురస్రం కాదు, ఉద్యానం కాదు, రచ్చబండ అసలే కాదు. వాహనాల మధ్య మిగిలిపోయిన ఇరుకైన నేల. జనం దాన్ని రచ్చబండగా వాడుకున్నారు.

ఆ వాడుక 2017 అక్టోబరులో తేటతెల్లమైంది. ఆ నెల ఒకటో తేదీ రాత్రి, మాండలే బే హోటల్ 32వ అంతస్తు కిటికీలోనుండి ఒక వ్యక్తి, రోడ్డుకు అవతల మైదానంలో సంగీతం వింటున్న వేలాదిమంది మీద కాల్పులు జరిపాడు. ఆ ఉత్సవం పేరు ‘రూట్ 91 హార్వెస్ట్’. ఏ రహదారి మీద వచ్చేవారి కోసం విల్లిస్ ఫలకాన్ని నిలిపారో, ఆ పాతదారి పేరే దానికి పెట్టారు. 58 మంది చనిపోయారు. ఆ గాయాలతోనే తరువాతి ఏళ్ళలో మరణించిన ఇద్దరితో ఆ సంఖ్య 60 అయింది. 400 మందికి పైగా తూటాగాయాలపాలయ్యారు. ఆ రాత్రి దగ్గరలోని సన్‌రైజ్ ఆసుపత్రి ఒక్కటే దాదాపు 200 మందిని చేర్చుకున్నది. అంబులెన్సులు చాలక, ముక్కూమొహం తెలియనివారి కార్ల వెనుకసీట్లలో, ట్రక్కుల వెనుక తొట్లలో క్షతగాత్రులు వచ్చారు. ఒక ఊరి ఆసుపత్రులు ఒక్క రాత్రిలో అంతమందిని చూడవలసిరావడం వైద్యవృత్తి చరిత్రలో మరచిపోరానిది.

కొద్ది రోజులకు ఇల్లినాయ్ రాష్ట్రంలోని అరోరానుండి గ్రెగ్ జానిస్ అనే వడ్రంగి, 58 తెల్లని చెక్కశిలువలు చేసి, వాటిని తన ట్రక్కులో వేసుకుని లాస్ వేగస్ చేరాడు. దేశంలో సామూహిక హత్యలు జరిగిన చోటికల్లా శిలువలు మోసుకుపోవడం అప్పటికే అతని జీవితవ్రతం. ఒక్కొక్క శిలువకు ఒక ఎర్రని హృదయం, ఒక పేరు. వాటిని అతను నిలిపిన చోటు స్వాగతఫలకం పక్కన, ఆ డివైడర్ మీద. నగరం నడిబొడ్డున పౌరులు నాలుగు రోజుల్లో ఒక తోటను నాటి చనిపోయినవారికి స్మృతివనం చేశారు. అది నేటికీ ఉంది, మంచిపని. కాని వెంటనే కొవ్వొత్తులు, పూలు, ఫోటోలు, పిల్లల బొమ్మలు గుట్టలుగా చేరింది ఫలకం దగ్గరనే. ఘటన జరిగిన మైదానానికి అది దగ్గర. అదీగాక ఎవరి అనుమతీ అడగనక్కరలేని నేల.

‘ఫాబ్యులస్’ అన్న మాటకు కింద 58 శిలువలు. పసుపు దీపాలు పరుగెత్తడం ఆగలేదు. ఒకే వరుసలో పెళ్ళి దుస్తుల్లో ఫోటో కోసం వచ్చినవారూ, పేరు వెతుక్కుంటూ వచ్చినవారూ నిలబడవలసిన స్థలం అది. దీన్ని అపచారమని అనుకోవడం సులభం. జూదశాలల ప్రకటనను సమాధిరాయిగా చేయడమేమిటని అడగవచ్చు. కాని మరణానికి విడిగా ఒక గంభీరస్థలం ఉండాలన్న నియమం ఊరికి రచ్చబండ ఉన్నచోట చెల్లుతుంది. ప్రజలకంటూ తీసిపెట్టిన నేల లేనిచోట, ఉన్న ఒక్క నేలే పెళ్ళికీ చావుకీ పనికిరావాలి. మన పల్లెల్లో ఊరిముందరి చెట్టు కింద పంచాయతీ జరిగేది, పెళ్ళివారి బండి ఆగేది, పాడె కాసేపు దించేవారు. చెట్టుకు ఆ ఉద్దేశం ఉండదు. లాస్ వేగస్ స్వాగతఫలకం ఆ నలభై రోజులూ అలాంటి చెట్టు అయింది. చెడిపోయిన అభిరుచికి ఆనవాలుగా దాన్ని చదివే విమర్శ అంతా ఈ నలభై రోజుల ముందు పలుచబడిపోతుంది.

ఓరుగల్లు కోటలోని నాలుగు కీర్తితోరణాలు ఈ సందర్భంలో గుర్తుకువస్తాయి. స్వయంభూదేవుని ఆలయానికి నాలుగు దిక్కులా ద్వారాలుగా నిలిపినవి అవి. 14వ శతాబ్దిలో ఆలయం ధ్వంసమైంది, తోరణాలు మిగిలాయి. ఏ గుడికి దారి చూపాయో ఆ గుడి లేదు. అయినా వాటి బొమ్మే ఓరుగల్లుకు గుర్తు, తెలంగాణ రాజముద్రలో ఒక భాగం. ద్వారం తాను ఏ ఇంటిదో ఆ ఇంటిని మించి బతకగలదు. ద్వారానికీ ఇంటికీ దూరం పెరిగేకొద్దీ దాని అర్థం చూసేవారి చేతుల్లోకి పోతుంది. పోలికను ఇంతకంటే సాగదీయడం తగదు. శిలాతోరణాన్ని చెక్కినవారు రాజు కీర్తిని తలచారు. విల్లిస్ తలచింది దూరంనుండి కనిపించే ఎరుపును.

లాస్ వేగస్ నగరం కూడా తన పేరు తన సరిహద్దు దాటి వెలుగుతున్న సంగతి ఎరగకపోలేదు. 2020లో తన అసలు సరిహద్దు దగ్గర, బూలవార్డ్‌కు అడ్డంగా, 80 అడుగుల ఎత్తైన నీలి దీపతోరణాన్ని కట్టింది. దాని మీద నగరం పేరు ఉంది. నగరం ఉన్న చోటనే ఉంది. ఎలాంటి తప్పూ లేని తోరణం అది. కింద నిలబడి ఫోటో తీయించుకోవాలంటే మాత్రం నడిరోడ్డు మీదికి పోవాలి.

శిలువలను 2017 నవంబరులో, నలభై రోజులు నిండాక, అక్కడినుండి తీసి హెండర్సన్‌లోని క్లార్క్ కౌంటీ మ్యూజియంలో భద్రపరిచారు. జానిస్ 2020లో మరణించాడు. మూలాన్ రూజ్ భవనం అగ్నిప్రమాదాలకు ఆహుతైంది. విల్లిస్ గీసిన దాని అక్షరాలు నియాన్ మ్యూజియంలో ఉన్నాయి. స్వాగతఫలకం మాత్రం మ్యూజియంలోకి పోలేదు. అది ఇప్పుడు యంగ్ ఎలక్ట్రిక్ సైన్ కంపెనీ సొత్తు. కౌంటీ దాన్ని అద్దెకు తీసుకుని నడుపుతోంది. ఆ ఫోటోలలోని మనుషులందరూ దక్షిణానికి, ఒకప్పుడు కార్లు వచ్చిన ఎడారివైపుకు, ముఖం పెట్టి నవ్వుతుంటారు. ఊరు వారి వెనుక ఉంటుంది. జాగ్రత్తగా నడపండి అన్న మాట ఆ ఊరివైపు తిరిగి ఉంటుంది.